స్త్రీల కూడికలో ప్రేమలేఖ

అమెరికాలో, నేపర్‌విల్‌లోని మా తెలుగు చర్చి వంటగదిలోంచి లవంగాలు వేగే వాసన వచ్చిందంటే చాలు, ప్రసంగం ఎంత బాగా సాగుతున్నా నా మనసు కరుణమ్మ ఆంటీ దగ్గరికి వెళ్లిపోతుంది. ఆంటీది నరసాపురం. పగలు ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం, శనివారం మా స్త్రీల కూడికకి పలావు, ఈ రెండింటి మధ్యా కాలేజీలో మధ్యయుగాల చరిత్ర క్లాసు. ఈ వయసులో చదువేమిటని అడిగితే, మన సంఘ చరిత్ర మిషనరీ దొరలతోనే మొదలైందనుకుంటున్నావా అని నన్నే దబాయించేవారు.

ఆ రోజుల్లో నేను ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లడం మానేశాను. ప్రార్థనకి కళ్లు మూసుకుంటే పాటల బృందంలో డోలక్ వాయించే ప్రసాద్ ముఖం కనిపించేది. దేవుడికి ఇవ్వాల్సిన మనసు మనిషికి ఇచ్చేశానని, ఇక ఆ రొట్టె, ద్రాక్షరసం ముట్టుకునే అర్హత నాకు లేదని కుమిలిపోయేదాన్ని. చర్చికి రావడమే మానేద్దామని కూడా అనుకున్నాను.

ఒక శనివారం ఆంటీ, క్లాసులో చదివిన పాతకాలపు ఉత్తరమొకటి తెలుగు చేసి తెచ్చారు. ఆవిడకి తర్జుమా అంటే బైబిలు తెలుగే. సంగతేమిటో చెప్పకుండానే, "నా ప్రియుడా, నీ యొద్దనుండి వర్తమానము రాని దినమున నా కన్నులకు నిద్ర లేదు" అంటూ మొదలుపెట్టేసరికి మావాళ్లంతా భక్తిగా కళ్లు మూసుకున్నారు. అయిపోగానే ముక్తకంఠంతో ఆమెన్ అన్నారు. పాస్టరమ్మగారు కళ్లు తుడుచుకుని, ఇది ఏ భక్తురాలి ప్రార్థన అని అడిగారు.

"ప్రార్థన కాదండి. మఠంలో ఉన్న ఒక కన్యస్త్రీ, ఇంకో మఠంలో ఉన్న సన్యాసికి రాసిన లవ్ లెటర్" అన్నారు ఆంటీ, తొణక్కుండా.

ముందు పాస్టరమ్మగారికే నవ్వొచ్చింది. అనేసిన ఆమెన్ వెనక్కి తీసుకోలేం కదమ్మా, ఇక వడ్డించండి అన్నారు.

అందరూ నవ్వుతుంటే నాకు మాత్రం ఏడుపొచ్చింది. గిన్నెలు కడిగేటప్పుడు ఆంటీకి అంతా చెప్పేశాను. ఆవిడ మందలించలేదు. ప్రసాద్ వీసా సంగతి కూడా అడగలేదు.

"దేవుడితో మాట్లాడినా ఆ సన్యాసితో మాట్లాడినా ఆ ఉత్తరం రాసిన పిల్లకి ఉన్నది ఒకటే మనసు కదమ్మా. నీకు మాత్రం రెండుంటాయా? ప్రసాద్ ముఖం కనబడితే అతని కోసమే ప్రేయర్ చేసెయ్. వచ్చినవాణ్ణి ఊరికే పంపించకు."

ఆ మరుసటి ఆదివారం బల్ల తీసుకున్నాను. అదే ధైర్యంతో పార్కింగ్ లాట్‌లో ప్రసాద్‌తో మాట్లాడాను. మా పెళ్లికి పలావు ఆంటీయే వండారు, సంబరంలో ఉప్పు కాస్త ఎక్కువేశారు.

పోయిన ఏడాది ఆంటీ ప్రభువునందు నిద్రించారు. మా సంఘంలో చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించరు. వాళ్లు ప్రభువు దగ్గరే ఉన్నారు, ఇంక అడగడానికేముంది అంటారు. నిజమే కావచ్చు. నాకు మాత్రం కళ్లు మూసుకుంటే ఆవిడ ముఖం కనిపిస్తుంది, రోజూ ఆవిడ కోసం ప్రార్థన చేస్తాను.