మాగ్నెటో లేని బండి

దయ్యాలూ ఆత్మలూ నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మే తీరికా లేదు. ఇంగ్లండులో తయారైన పాతకాలపు మోటార్ సైకిల్‌ని నట్టు నట్టూ విప్పి, ఈ రెండు చేతులతో మళ్ళీ బతికించినవాణ్ణి. ఇంజన్ లోపల ఏముందో చూసినవాడికి దయ్యం ఎక్కడ కనిపిస్తుంది?

ఆ బండి మా ఆవిడ శారద వాళ్ళ అన్నయ్యది. ఆయన పోయాక కాకినాడలో గోనెసంచుల కింద ఏళ్ళ తరబడి పడి ఉంటే, లారీలో వేయించి శంషాబాద్‌లో మా ఇంటికి తెప్పించాను. కారణం శారద చెవులు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిదీ ఎక్కువ కాలం ఆగదని డాక్టరు చెప్పిన రోజు ఆవిడ ఒకటే అడిగింది.

"ఇదీ పోయేలోపు అన్నయ్య బండి చప్పుడు ఒక్కసారి వినిపించండి."

నట్టు నట్టూ నేనే విప్పానన్నాను కదా, అది కొంచెం ఎక్కువ చెప్పాను. విప్పింది మైలార్‌దేవ్‌పల్లి మెకానిక్ ఖలీల్ భాయ్. పానాలు అందించడం నా పని. ఆ బండి నట్లన్నీ అంగుళాల లెక్క. నేను ప్రతిసారీ తప్పు పానా అందించి తిట్లు తినేవాణ్ణి.

అన్నీ కుదిరాయి కానీ మాగ్నెటో చచ్చిపోయింది. ప్లగ్గుకు నిప్పురవ్వ ఇచ్చేది అదే. ఖలీల్ భాయ్ దాన్ని ఊడదీసి పక్కన పెట్టేశాడు. ఇక్కడెక్కడా దొరకక ఇంగ్లండు నుంచి తెప్పించాను. పార్సిల్ వచ్చిన విమానం మా డాబా మీదుగానే దిగి ఉంటుంది. అయినా దాన్ని తెచ్చుకోవడానికి నేను అత్తాపూర్ కొరియర్ ఆఫీసు దాకా వెళ్ళాల్సి వచ్చింది.

మధ్యాహ్నం ఆ డబ్బా చంకలో పెట్టుకుని మా వీధి మలుపు తిరిగాను. డుగ్ డుగ్ మని చప్పుడు. విమానం కాదు, ఆ రెండు చప్పుళ్ళకూ తేడా నాకు తెలుసు. మా ఇంట్లోంచే వస్తోంది.

షెడ్డులో శారద ఒక్కతే ఉంది, ముక్కాలిపీట మీద కూర్చుని. చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "విన్నాను" అంది. మాగ్నెటో ఉండాల్సిన చోట ఖాళీ. సైలెన్సర్ ముట్టుకున్నాను. వేలు బొబ్బెక్కింది. ఆ షెడ్డులోకి ఎండ రాదు.

సాయంత్రం ఖలీల్ భాయ్ వచ్చి సైలెన్సర్ మీద చెయ్యి పెట్టాడు. ఇంకా వెచ్చగానే ఉంది. నా వైపు అదోలా చూశాడు.

"గిదెట్ల గరం అయింది సాబ్? నేను లేనప్పుడు ఇంకో మెకానిక్‌ని పిలిచిన్రా?"

లేదని ఎంత చెప్పినా నమ్మలేదు. అలిగి పోయాడు. బతిమాలి మళ్ళీ పిలిపించి కొత్త మాగ్నెటో బిగించేసరికి చాలా రోజులు పట్టింది. బండి మొదటి కిక్కుకే స్టార్టయింది. కానీ అప్పటికే శారద కుడి చెవి కూడా పోయింది. ట్యాంకు మీద అరచెయ్యి పెట్టి ఆ అదురుని కాసేపు చూసి, లోపలికి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం వినకపోయి ఉంటే ఇక ఎప్పటికీ వినేది కాదు.

బండి దానంతట అదే ఊగుతూ నడుస్తుంటే కళ్ళారా చూశానని ఇన్నాళ్ళూ అందరికీ చెబుతూ వచ్చాను. చూడలేదు. నేను గేటు తీసేసరికే చప్పుడు ఆగిపోయింది. నాకు తెలిసిందల్లా ఆ చప్పుడు, ఈ వేలి మీది మచ్చ. నిప్పురవ్వ లేకుండా ఇంజన్ ఎలా తిరిగిందో ఎంత ఆలోచించినా తల తిరగడమే తప్ప ఏమీ తేలలేదు. ఖలీల్ భాయ్ అయితే ఇప్పటికీ ఆ రెండో మెకానిక్ పేరు చెప్పమనే అడుగుతాడు.

ఇదంతా రాసి, తప్పులుంటే చూడమని శారద చేతికిచ్చాను. చదివి, కళ్ళజోడు తీసింది.

"దానంతట అది నడవడమేమిటి? కిక్ కొట్టింది నేను. అన్నయ్య చిన్నప్పుడే నేర్పాడు. అందులో ఏదో లేదని నాకెవరైనా చెప్పారా?"