చుట్ట విప్పిన గొట్టం

వీధిలో అందరికీ ఆయన సర్దుడు మాస్టారు. ముప్పై ఏళ్లు లైబ్రరీలో పుస్తకాలు సర్ది రిటైరైనా ఆ జబ్బు తగ్గలేదు. ఆ ఇంట్లో చీపురుకి కూడా ఒక చిరునామా ఉంటుంది.

భార్యకు మోకాళ్ల నొప్పులు. ఆవిడ పట్టుకుని దిగడానికి పెరటి మెట్లకు తానే కమ్మీ పెడతానని వెల్డింగ్ మెషిన్ కొన్నారు. అది మూడు రోజులుగా ఆయన చేత మూడు చెరువుల నీళ్లు తాగిస్తోంది. కరిగి ఇనుముని అతికించాల్సిన తీగ దాని గన్‌లోంచి సాఫీగా రాదు. వచ్చిన కాస్తా వెనక్కి కాలిపోయి, కొసనున్న రాగి టిప్‌కే అతుక్కుంటుంది. ఐదు టిప్పులు మార్చారు. తీగను నెట్టే రోలర్‌ని ఇంకా బిగిస్తే, లోపల తీగంతా పిచ్చుక గూడైంది.

"దిక్కుమాలిన మెషిన్!" అని ముసుగు తీసి విసరబోయి, అలవాటు కొద్దీ మేకుకి తగిలించారు.

ఆ కేకకి భార్య గుమ్మంలోకి వచ్చింది. "ఆ గొట్టానికి నా జడ రిబ్బను కట్టారేంటండీ?"

మెషిన్ నుంచి గన్ దాకా తీగ నడిచేది ఆ గొట్టంలోనే. మాస్టారు దాన్ని మూడు చుట్లు చుట్టి, ముచ్చటగా ముడేశారు.

"చిందరవందరగా ఉంటే నేను చూడలేను."

"అన్ని మలుపులు తిరగాలంటే నాకే మోకాళ్లు పట్టేస్తాయి. దానికి పట్టేయవూ?"

మాస్టారు రిబ్బను విప్పారు. గొట్టాన్ని బారుగా పరిచి, చిక్కుపడ్డ తీగ కత్తిరించి తీసేసి, రోలర్ వదులు చేసి, కొత్త టిప్ పెట్టి గన్ నొక్కారు. తీగ బుద్ధిగా బయటికొచ్చింది.

మర్నాడు ఆవిడ కమ్మీ పట్టుకుని ఒక్కతే మెట్లు దిగింది. గోడవారన గొట్టం ఇంకా అలాగే పడి ఉంది. మాస్టారు దానివంక చూడనైనా లేదు. ఆవిడ దిగుతున్న మెట్లు లెక్కపెడుతున్నారు.