పంచనామా దావీదు మామ

దావీదు మామ లేడు.

నిన్న పొద్దున పొదిలి బస్టాండులో ఉండగా చెల్లి ఫోన్ చేసి చెప్పింది.

మొన్న ఆదివారమే కదా చర్చి ముందు ఆపి, "ఏంది పాపా, షాపులో కూర్చుని కూర్చుని ఇంత లావైనావు!" అని అందరి ముందూ నా పరువు తీశాడు!

రాత్రి జొన్న రొట్టె తిని పడుకున్నవాడు మళ్లీ లేవలేదట. డెబ్బై ఎనిమిదేళ్లు. గుండెకు మందులు వాడుతున్నాడు. ఎప్పుడూ చూసే డాక్టరే ఇంటికొచ్చి చూసి సర్టిఫికెట్ రాసిచ్చారు.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. మామ ఇళ్లు కట్టే బేల్దారి మేస్త్రి. చదివింది ఏడో తరగతి.

మా వైపు పల్లెల్లో పాము కరిచో, బావిలో పడో ఎవరైనా పోతే పోలీసులు వచ్చి పంచనామా రాస్తారు. పెద్దమనుషుల ముందు ఒంటి మీద గాయాలు, బట్టలు అన్నీ చూసి రాసే కాగితం అది. సాక్షి సంతకం అనగానే అందరూ మెల్లగా జారుకుంటారు.

మామ మాత్రం తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చేసేవాడు. పోస్ట్‌మార్టానికి మార్కాపురం ఆసుపత్రికీ వెళ్లేవాడు. బాడీ ఇల్లు చేరేదాకా ఆ ఇంటివాళ్లను వదిలేవాడు కాదు. అందుకే పంచనామా దావీదు అనేవాళ్లు. ఆ పేరంటే ఆయనకు కోపం లేదు, లోపల కాస్త గర్వం కూడా.

ఇక మా సంగతి.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒకరోజు పొద్దున్నే అమ్మకూ నాయనకూ గొడవైంది. ఎందుకో కూడా గుర్తులేదు. అమ్మ వీధిలోకి వచ్చి, "పో, యాడన్నా పడి చావు!" అని అరిచింది. కోపంలో ఎవరైనా అనే మాటే. వీధంతా విన్నది.

మధ్యాహ్నానికి నాయన కంది చేలో పడి చనిపోయి ఉన్నాడు. పక్కనే సగం ఖాళీ అయిన పురుగుల మందు డబ్బా.

మా పెద్దనాన్న కంగారులో ఆ డబ్బాను కంపచెట్లలోకి విసిరేశాడు. నాయన మొహం కడిగి, చొక్కా మార్చి, సాయంత్రంలోపు పూడ్చేద్దామన్నాడు. మేనత్త అయితే, "నోటితోనే మా తమ్ముణ్ణి చంపింది" అని శోకం ఎత్తుకుంది.

అమ్మ ఏడవలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది, అంతే. ఆమెను చూస్తే నాకు భయమేసింది.

అప్పుడొచ్చాడు మామ. వస్తూనే పెద్దనాన్న మీద పడ్డాడు.

"పెళ్లికొడుకును చేసినారు గదా! ఆయన గుండె నొప్పితో పోయినాడో ఏమో, మీరు ఇట్ల దాస్తే మందు తాగినట్లే కనపడతది!"

"పోస్ట్‌మార్టం అంటే కోస్తారు దావీదూ. పరువు పోతది" అన్నాడు పెద్దనాన్న.

"ఇప్పుడు పూడిస్తే ఈయన పెండ్లాం జన్మంతా ఆ మాట మోయాల. డాక్టరును చూడనీండి. మందైతే మందే. తెలుసుకుంటే తప్పేంది?"

ఆ కంపలో దూరి, డబ్బా వెతికింది పెద్దనాన్నే. మామే పట్టుబట్టి పంపాడు. పెద్దనాన్న చేతులనిండా ముళ్లు.

మామే కబురు చేసి పోలీసులను పిలిపించాడు. డబ్బా ఎక్కడ పడి ఉన్నదీ, చొక్కా ఎవరు మార్చిందీ, ఏదీ దాచకుండా ఎస్సై గారికి చెప్పించాడు. అన్నీ పంచనామాలో రాయించాకే తన సంతకం పెట్టాడు.

మార్కాపురం ఆసుపత్రి మార్చురీలో గంటన్నర పట్టింది. డాక్టరు మేడమ్ బయటికి రాగానే మామ అమ్మను ముందుకు తెచ్చి, "ఏదున్నా ఈమెకు చెప్పండి మేడమ్" అన్నాడు.

"గుండె రక్తనాళం మూసుకుపోయిందమ్మా. కడుపులో మందు ఆనవాళ్లేమీ కనిపించలేదు. రూల్ ప్రకారం శాంపిల్స్ ల్యాబ్‌కు పంపుతున్నాం. ఆ రిపోర్ట్ వచ్చాకే ఫైనల్‌గా రాస్తాం."

అమ్మ ఇంకో అడుగు ముందుకేసింది. "నేను అన్న మాటకు ఆగిందా అమ్మా, ఆ గుండె?"

మేడమ్ అమ్మ భుజం మీద చెయ్యి వేశారు. "లేదమ్మా. గుండె మీద పాత మచ్చ ఉంది. ఇంతకు ముందే ఒకసారి నొప్పి వచ్చి ఉంటుంది, ఎవరికీ తెలియలేదు. ఆ రక్తనాళం ఏళ్లుగా పూడుకుపోతూ వచ్చింది. ఒక్క పూటలో అయ్యేది కాదు ఇది."

అప్పుడు ఏడ్చింది మా అమ్మ. అప్పటిదాకా భయమే. అప్పుడు మొగుడి కోసం ఏడ్చింది.

బాడీ అప్పగించేటప్పుడు కానిస్టేబుల్ రసీదు పుస్తకం తీశాడు. పెద్దనాన్న చెయ్యి చాపాడు. మామ అడ్డం వచ్చి, "పెండ్లాం ఉండంగ నువ్వెవరు?" అన్నాడు.

అమ్మ వంకర టింకర అక్షరాలతో సంతకం పెట్టి, నాయనను ఇంటికి తెచ్చుకుంది.

నెలల తర్వాత ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. విషం లేదు. డబ్బాలో తగ్గిన మందు కంది చేనుకు కొట్టిందే. ఆదివారం ఆరాధన అయ్యాక మామ పాస్టరు గారిని అడిగి, ఆ కాగితం నా చేత అందరి ముందూ చదివించాడు. మేనత్త తల దించుకుని విన్నది. బయటికి వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. ఇప్పుడు ఇద్దరూ మహా దోస్తులు లెండి, నన్ను తిట్టడంలో!

నిన్న మామ ఇంటికి వెళ్లాం. మామ భార్య దీనమ్మత్త ఒకటే కుమిలిపోతోంది.

"నిద్రపోతాండాడులే అని లేపలేదు వదినా. ముందే లేపింటే బతికేవాడేమో. నేనే చంపుకున్నా."

మా అమ్మ ఆమె పక్కన కూర్చుని, రెండు చేతులూ పట్టుకుంది.

"డాక్టరు ఏమన్నాడు? నిద్రలోనే పోయినాడని గదా? నువ్వు లేపకముందే పోయినాడు వదినా. నీ తప్పు కాదు. మా అన్నే ఉంటే ఈ మాట నిన్ను అననిస్తాడా?"

అత్త తల ఎత్తి అమ్మను చూసింది. తర్వాత మామ కోసం ఏడ్చింది.

పోయిరా మామా. అందరినీ ఇంటికి చేర్చినావు. నీ ఆత్మ చల్లగా ఉండాల.