తాలింపు వేసిన విత్తనాలు

విత్తనాలను గుగ్గిళ్ళు చేసిన ఇల్లాలని మా ఇంట్లో అమ్మను ఇప్పటికీ ఆటపట్టిస్తారు. దానికి అసలు కారణం నేనేనని ఇన్నేళ్ళూ చెప్పలేదు.

నా చిన్నప్పుడు మేము ఓక్లహోమాలో ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. అమ్మకు అప్పటికింకా ఇంగ్లిష్ రాదు. పక్కింట్లో ఉండే చెరోకీ అనే ఆదివాసీ తెగ మామ్మకు తెలుగు రాదు. ఇద్దరి మధ్యా ఎనిమిదేళ్ళ దుబాసీని నేను. చలి తగ్గిన ఒక సాయంత్రం మామ్మ గుప్పెడు నల్ల చిక్కుడు గింజలు తెచ్చి, "ఇవి మా పెద్దవాళ్ళ నుంచి వచ్చినవి. పెరట్లో నాటుకోమని మీ అమ్మకు చెప్పు బాబూ" అంది. నాకేమో గుగ్గిళ్ళ మీద మనసు పోయింది. "వండుకోమంటోంది" అన్నాను.

అమ్మ రాత్రి నానబెట్టి, మర్నాడు ఆవాలు, ఎండుమిర్చి, కొబ్బరితో గుగ్గిళ్ళు చేసి, మురిపెంగా మామ్మను పిలిచింది. మామ్మ గిన్నెలోకి చూసి ఆగిపోయింది. తరవాత నెమ్మదిగా చెప్పింది. ఒకప్పుడు ప్రభుత్వ సైనికులు వాళ్ళ పూర్వీకులను తూర్పు కొండల్లోని ఇళ్ళనుంచి వెళ్ళగొట్టి, చలిలో ఇంతదూరం నడిపించారట. దారిలో ఎందరో రాలిపోయారట. ఆకలికి కళ్ళు తిరుగుతున్నా ఈ గింజలను మాత్రం తినకుండా, విత్తనానికని మూటగట్టి తెచ్చుకున్నారట.

ఈసారి ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. అమ్మ ముఖం పాలిపోయింది. "అయ్యో, ఎంత పని చేశానురా! క్షమించమని చెప్పరా" అంటూ చేతులు జోడించింది. అదీ చెప్పాను. నా అబద్ధం మాత్రం చెప్పలేదు; నా మాటను తానే సరిగ్గా వినలేదనుకుంది అమ్మ, భాష రాక పొరబడిందనుకుంది మామ్మ.

మామ్మ అమ్మ చేతులు విడదీసి, చెంచా అందుకుంది. నోట్లో పెట్టుకోగానే మిరపకాయ ఘాటుకు దగ్గుతూ పకపకా నవ్వింది. "మా ముత్తవ్వ వాళ్ళు పస్తులుండి మోసింది ఎందుకనుకున్నారు? ఎవరో ఒకరు కడుపునిండా తినాలనేగా! ఇంకాస్త పెట్టమను." అమ్మ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది. గిన్నె ఖాళీ అయ్యాక మామ్మ ఇంటికెళ్ళి మరో గుప్పెడు తెచ్చింది. ఈసారి నా తర్జుమా కోసం ఆగకుండా, అమ్మ చెయ్యి పట్టుకుని తానే పెరట్లోకి నడిపించింది. ముగ్గురం మట్టిలో మోకాళ్ళూని నాటాం.

అంత కష్టపడి కాపాడుకున్నదాన్ని కూడా నవ్వుతూ పంచిపెట్టవచ్చని ఆ రోజే తెలిసింది. కాని మామ్మ మన్నించింది అమ్మను, అమ్మ చెయ్యని తప్పుకు.

మొన్న ఇర్వింగ్‌లోని మా ఇంట్లో అందరం భోజనాలు చేస్తుండగా మా అమ్మాయి మొదలుపెట్టింది: "నానమ్మా, సీడ్స్ అన్నీ కుక్ చేసేశావా? ప్లాంట్ చేయడానికి ఏమైనా ఉంచావా?" అమ్మ ఎప్పటిలాగే నవ్వి, "అప్పుడు నాకేం తెలుసే!" అంది.

ఇక ఊరుకోలేకపోయాను.

"అమ్మా, ఆవిడ నాటుకోమనే చెప్పింది. గుగ్గిళ్ళ ఆశతో నేనే మాట మార్చాను. నీచేత దండం పెట్టించింది నేను. తప్పు నాదేనమ్మా, నన్ను క్షమించు."