ముహూర్తానికి మొదలైన ఖాళీ జాబ్

ఫిల్మ్‌నగర్‌లో సినిమాలకు గ్రాఫిక్స్ చేసే ఓ ఆఫీసులో సర్వర్ చూసుకోవడం నా పని. ఆర్టిస్టులు తమ షాట్లు సర్వర్‌కి అప్పజెబుతారు, అది వాటిని పూర్తి చేసి ఇస్తుంది. అలా అప్పజెప్పిన ఒక్కో పనినీ జాబ్ అంటాం. అప్పుడప్పుడు ఏదో ఒక జాబ్ అదుపు తప్పి మిగతా వాళ్ల వంతు కూడా తినేస్తుంది. దాన్ని పట్టుకుని ఆపేయాలి. మా భాషలో చంపడం అంటాం. సెలవురోజు నేను ఫోన్లో ఈ మాట వాడితే, చర్చి నుంచి అప్పుడే వచ్చిన మా అమ్మ "ఆదివారం పూట ఆ చంపడాలేంటే" అని విసుక్కుంటుంది.

ఆ రోజు ఎర్రగడ్డ నుంచి ట్రాఫిక్‌లో నలిగి వచ్చి సీట్లో కూర్చున్నానో లేదో, హాల్లోంచి గోల. ఎవరి పనీ కదలడం లేదట. చూస్తే ఒకే ఒక్క జాబ్ సర్వర్‌లో ముప్పాతిక వంతు పట్టుకుని కూర్చుంది. ముందు రోజు ఉదయం మొదలై, మెల్లమెల్లగా అంత లాగేసింది. అంతసేపు తిన్నందుకు ఒక్క ఫ్రేమైనా తయారై ఉండాలి కదా. ఏమీ లేదు. ఒళ్లు మండింది, కానీ మంటకంటే ఆశ్చర్యమే ఎక్కువ. తినేవాటిని చాలా చూశాను గానీ, ఏ పనీ చేయకుండా ఇంత తినేదాన్ని చూడటం అదే మొదటిసారి.

చంపే ముందు విప్పి చూశాను. ఒక ఖాళీ ఫోల్డర్‌లోకి తొంగిచూసి షాట్లు వచ్చాయా అని అడుగుతుంది, రాలేదని తెలియగానే ఊపిరైనా తీసుకోకుండా మళ్లీ అడుగుతుంది. అంతే, ఇంకేమీ లేదు. పండగ ముందు దర్జీ గుమ్మం వదలని పిల్లాడిలా ఉంది దాని వరస. ఇలాంటిది ఎవరు రాస్తారు, ఎందుకు రాస్తారు?

హాల్లోకి వెళ్లి అడిగితే అందరూ మానిటర్లలోకి తలలు దూర్చేశారు. చివరికి ఒక ఆర్టిస్టు, "నేనే రాశానక్కా, మేనేజర్‌గారు పెట్టమన్నారు" అంది. మేనేజర్ అంటే మా ఆఫీసు మనిషి కాదు. అప్పుడు మేం చేస్తున్న సినిమాకి నిర్మాత తరఫున మా దగ్గర పని చూసుకునే ప్రొడక్షన్ మేనేజర్. రహమత్ నగర్‌లో ఉంటాడు, యాభై దాటి ఉంటాయి. ఎప్పుడు చూసినా గోడకు ఆనుకుని నిలబడే ఉంటాడు. కుర్చీ వేస్తే, "సినిమా ఆడినంక కూసుంట మేడం" అంటాడు.

"ఏంటండీ ఈ జాబు?" అని అడిగాను.

"ముహూర్తం జాబు మేడం," అన్నాడు, అదేదో అందరికీ తెలిసిన సంగతైనట్టు. "క్లైమాక్స్ పని నిన్న పొద్దుగాల మొదలువెట్టాలన్నరు మా నిర్మాతోళ్లు, పంతులు టైం ఇచ్చిండు. షాట్లేమో ఇంకా రాలే. గందుకే ఖాళీది పెట్టిపిచ్చిన."

"ఖాళీది పెడితే మొదలైనట్టేనా?"

"కొబ్బరికాయ కొట్టిన రోజు దేవుడి పటాల మీద షాట్ దీస్తరు గద. గది సినిమాల ఉంటదా? గిది గూడ గట్లనే."

నవ్వాపుకోలేకపోయాను. సర్వర్‌కి ముహూర్తం పెట్టిన మనిషి ఇన్నేళ్లలో నాకు తగల్లేదు. నిజం చెప్పొద్దూ, ఆయన మాటలో తప్పెక్కడుందో కూడా వెంటనే దొరకలేదు.

"సరే, మొదలైంది కదండీ. ఇక చంపేస్తాను" అన్నాను.

ఆయన నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచాడు. "మేడం, నాకు గూడ గీ ముహూర్తాల మీద నమ్మకం లేదు. గానీ ఇంతకుముందు నేను చేసిన రెండు సినిమాలు పోయినయ్. నా ఎన్క ఐరన్ లెగ్ అంటున్నరు. రేపు ఇది గూడ పోతే, మధ్యల ఏడ ఆగింది, ఎవరు ఆపిండ్రు అని దేవులాడుతరు. ఇగ నన్ను ఎవ్వరు పిలువరు."

నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఇక్కడ ఆ మాట ఒకసారి అంటుకుంటే వదలదు. పెద్ద పెద్ద హీరోయిన్లనే ఇంటికి పంపిన మాట, ఈయనెంత? పాపం అనిపించింది.

సీటుకొచ్చి ఆలోచించాను. చంపకూడదు, తిననివ్వకూడదు. ఒక దారి ఉంది. జాబ్‌ని నిద్రపుచ్చవచ్చు. ఉన్నచోటే ఉండిపోతుంది, ఏమీ తినదు, మొదలైన టైం మాత్రం అలాగే ఉంటుంది. ఆ పని చేయగానే హాల్లో అందరి పనులూ కదిలాయి. ఆయన నా వెనక నిలబడి స్క్రీన్‌నే చూస్తున్నాడు.

"ఉన్నదా మేడం?"

"ఉందండీ. పడుకుంది."

"టైం?"

"నిన్నటిదే."

షాట్లు వచ్చాక లేపాను. లేవగానే ఫోల్డర్‌లోకి చూసింది, ఈసారి దొరికాయి, బుద్ధిగా పనిలో పడింది. నాకు ముచ్చటేసింది.

సినిమా రిలీజై, మొదటి వారం కూడా నిలబడలేదు. కొన్నాళ్లకు జూబ్లీహిల్స్ నుంచి నిర్మాత బావగారు మా ఆఫీసుకు వచ్చారు. వెనకే వచ్చిన మేనేజర్ ఎప్పటిలాగే గోడకు ఆనుకున్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"క్లైమాక్స్ పని ఎన్నింటికి మొదలుపెట్టారమ్మా?" అని అడిగారు బావగారు. చెప్పాను. వేళ్ల మీద ఏదో లెక్కవేసుకుని తలూపారు.

"మధ్యలో ఆ పనేమైనా పోయిందా?"

నిద్ర వేరు, చావు వేరు. కావాలంటే గంటసేపు వాదించగలను. మేనేజర్ వైపు మాత్రం చూడలేదు.

"ఒక్కసారి కూడా చావలేదండీ. మొదలైన జాబే చివరిదాకా నడిచింది."

ఆయన టీ తాగారు. మా టేబుల్ మీది వినాయకుడి వైపు చూశారు, గుమ్మం ఏ దిక్కున ఉందో చూశారు. నెపం తోయడానికి ఇంకెవరైనా దొరుకుతారేమోనని వెతుకుతున్నట్టే ఉంది.

"అయితే కథే బాలేదంటావా?" అన్నారు చివరికి.

గోడ వైపు చప్పుడైతే తిరిగి చూశాను. మేనేజర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.