అవతలివైపు వాదించిన ప్లీడరు గారు

మొన్న అబుదాబిలో మఫ్రఖ్ వెళ్ళే బస్సులో పక్కనున్నాయన చేతులకు శానిటైజర్ రాసుకున్నాడు. ఆ ఘాటు తగలగానే దైవసహాయం గారు గుర్తొచ్చారు. ఒంగోలులో పేరున్న ప్లీడరు, ఒకప్పటి ఎమ్మెల్యే. ఇక్కడి బనియాస్‌లో నర్సుగా ఉన్న కూతురు మేరీని చూడటానికొచ్చి, కరోనాతో విమానాలు ఆగిపోవడంతో, మేమంతా గదులు పంచుకుని ఉండే పాత విల్లాలో చిక్కుకుపోయారు. "అసెంబ్లీలో నేను పాస్ చేయించిన బిల్లు ఒక్కటే బాబూ, క్యాంటీన్ బిల్లు" అని నవ్వేవారు. నేను ఏసీ మెకానిక్కుని. చల్లబరచడమే నా వృత్తి. మనుషుల్ని చల్లబరచడం మాత్రం ఆయన దగ్గరే చూశాను.

మేరీ సిస్టర్‌కు కరోనా వార్డులో డ్యూటీ పడగానే విల్లాలో గుసగుసలు మొదలయ్యాయి. ఒక శుక్రవారం మధ్యాహ్నం అందరం ఎవరి గుమ్మంలో వాళ్ళం నిలబడ్డాం. నెల్లూరు డ్రైవరు మస్తాన్ గొంతు సవరించుకున్నాడు. "సార్, తప్పుగా అనుకోవద్దు. సిస్టర్ వేరే రూమ్ చూసుకుంటే ఖలాస్, గొడవుండదు." ఆ రోజుల్లో నర్సుకు గది ఇచ్చేవాళ్ళెవరు?

ప్లీడరు గారు కూతురి కోసం విరుచుకుపడతారనుకున్నాను. ఆయన మస్తాన్ పక్షం తీసుకున్నారు. "మనకు వంటగది ఒకటే. పక్క గది బాషా భాయ్‌కి షుగరు. మస్తాన్ మంచం పడితే ఊళ్ళో వాళ్ళింట పొయ్యి వెలగదు. వీళ్ళ భయం న్యాయమైనదే" అన్నారు. తన కేసు అంత బలమైనదని మస్తాన్‌కు అప్పటిదాకా తెలియదు.

"ఇక మస్తాన్, సిస్టర్ తరఫున నువ్వు వాదించు."

"నేనా? నాకు వాదన రాదు సార్!"

"పార్కింగ్ కోసం రోజూ వాదిస్తావుగా, కానియ్."

మస్తాన్ తల గోక్కున్నాడు. "సిస్టర్ పొద్దున్నే పోద్ది. ఆ ప్లాస్టిక్ సూట్‌లో నీళ్ళు కూడా తాగదంట. అక్కడ మంచాల మీదుండేది మనోళ్ళే గదా. రేపు నేను పడినా..." సిస్టర్ గది తలుపు వైపు చూశాడు. తనే, "రూమూ గీమూ ఏం వద్దు. వంటగదికి మాత్రం రావద్దు. మేమే వండి గుమ్మంలో పెడతాం" అన్నాడు.

తలుపు వెనక నుంచి మేరీ సిస్టర్ గొంతు వినిపించింది. "కారం తగ్గించు మస్తానన్నా."

"సవరణతో ఆమోదం" అన్నారు ప్లీడరు గారు.

తర్వాత అడిగాను, కన్నకూతురికి ఎదురు ఎలా వాదించగలిగారని. "వాళ్ళ భయం నేను చెప్పకపోతే, నా బిడ్డ కష్టం వాళ్ళ నోట ఎలా వస్తుంది బాబూ?" అన్నారు.

ఆయన ఇప్పుడు లేరు. ఐకాడ్ ఫ్యాక్టరీల పేటలో నా కింద పనిచేసేవాళ్ళు కొట్లాడుకుని వస్తే, "వాడి మాట నువ్వు చెప్పు" అంటాను. నిన్న ఫోన్లో నా భార్యతో పోట్లాటొచ్చింది. ముందుగా ఆవిడ వాదన నేనే వినిపించాను. పూర్తయ్యేసరికి నా తరఫున చెప్పడానికేమీ మిగల్లేదు.

ఆవిడ అంతా విని, "ఇంకోసారి చెప్పండి" అంది.

చెప్పాను.