తుపాకీ లేని వేటగాడు

మా మావ పోయాడన్న కబురు పొద్దెక్కీ ఎక్కకముందే ఫోనులో వచ్చింది. మా అమ్మకి స్వయానా అన్నయ్య. ఆ మర్నాడు డుంబ్రిగుడలో బస్సు కోసం నిలబడి, టీ కొట్లో పేపరు తిరగేస్తుంటే లోపలి పేజీలో ఒక మూల చిన్న వార్త కనబడింది. ‘అడవిపందుల వేటకు వెళ్లి విద్యుదాఘాతంతో గిరిజనుడి మృతి.’ పేరూ ఊరూ మావవే. మిగతాదంతా అబద్ధం.

వేటకట! ఆయన తుపాకీ పోలీసు స్టేషన్ బీరువాలో ఉంది. దగ్గర బాణం లేదు, ఉచ్చు లేదు, వెంట కుక్క లేదు. చేతిలో ఉన్నదల్లా తెగిన ఆవు పలుపు. పలుపు పట్టుకుని పందుల వేటకి వెళ్లే మనిషిని ఆ వార్త రాసినాయన ఎక్కడ చూశాడో మరి. ఒళ్లు మండిపోయి టీ అక్కడే వదిలేశాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు నెమ్మదిగా రాయాలంటారు. నాకు ఆ నెమ్మది రావడం లేదు, చదివేవాళ్లు మన్నించాలి.

మావది కొండవాలు మీది ఊరు. వాలంతా చోళ్లూ (అదే, రాగులు) సామలూ, నీడ ఉన్నచోట కాఫీ. చోడి వెన్ను పాలు పోసుకునే రోజుల్లో పందులు దిగుతాయి. అవి తినేది కొంచెం, తొక్కేది బోలెడు. అవి ఒకసారి దిగి వెళితే ఇంటికి ఏడాది అంబలి పోయినట్టే. ఊరందరిలో లైసెన్సు ఉన్న తుపాకీ మావదొక్కటే, వాళ్ల నాన్న నుంచి వచ్చిన ఒంటిగొట్టం తుపాకీ. అటవీ శాఖ వాళ్ల అనుమతి తెచ్చుకుని, పంటలో దిగిన పందిని మాత్రమే కొట్టేవాడు. తన చేనూ పక్క చేనూ అన్న తేడా ఆయనకి లేదు. ఎవరు వచ్చి పిలిచినా వెళ్లేవాడు.

నేను కింద పట్నంలో నర్సు చదువు చదివేటప్పుడు మావ నన్ను చూడ్డానికి వచ్చి, అట్నుంచి అటే తూటాల కొట్టుకి తీసుకెళ్లాడు. కొట్టాయన రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకదాన్లో చిన్న చిన్న గుళ్లు బోలెడు ఉంటాయి, పేలగానే జల్లులా పరుచుకుంటాయి. రెండోదాన్లో ఒకే ఒక్క బరువైన గుండు.

“చిన్న గుళ్లది తీసుకో. గురి అంతగా అక్కర్లేదు. ఏదో ఒకటి తగుల్తుంది” అన్నాడు కొట్టాయన.

“ఏదో ఒకటి తగిలితే ఎలగ బాబూ? నాను కొట్టింది పందికే తగలాల. తగిలితే అదక్కడే పడిపోవాల. ఒంటిగుండుదే ఇయ్యి.”

“తప్పిపోతే?”

“తప్పిపోతే పంది బతుకుతాది. దానికేటి, మళ్లీ వత్తాది. నానూ ఉంటాను.”

తిరిగి వస్తూ, “గురి ఉందని అంత గొప్పేంటి మావా?” అని ఆటపట్టించాను. “గొప్ప కాదే గుంటా, బయ్యం” అన్నాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

ఆ భయం సంగతి తరవాత అత్త చెప్పింది. పెళ్లయిన కొత్తలో మావ కూడా చిన్న గుళ్ల తూటాలే వాడేవాడట. ఒక సాయంత్రం దూరం నుంచి పందిని కొట్టాడు. గుళ్లు తగిలాయి గానీ పంది పడలేదు, గెడ్డలోకి, ఆ వాగు పొదల్లోకి పారిపోయింది. మర్నాడు విస్తళ్లకి అడ్డాకులు కోయడానికి వెళ్లిన ఒకామె మీదకి అదే పంది ఎగబడి తొడ చీల్చేసింది. ఆమె బతికింది గానీ జీవితాంతం కుంటుతూనే నడిచింది. అప్పట్నుంచి ఆమె చేను దున్నింది మావే. ఆమె వద్దన్నా వినేవాడు కాదట. తూటా మార్చింది కూడా అప్పుడే. కంటికి పూర్తిగా కనబడితేనే, బాగా దగ్గరికొస్తేనే, తప్పిన గుండు ఆగేలా వెనక కొండమట్టి ఉంటేనే తుపాకీ ఎత్తేవాడు. ఆకులు కదిలాయని ఎవరైనా తొందరపెడితే, “ఆకుల ఎనకాల మీ అమ్మ ఉన్నాదేమో, ఎవుడికి తెల్సు?” అని కసిరేవాడు.

మా కొండల్లో కొండవానకి తూటాలు చెమ్మ పడతాయి. మావ వాటిని పాత పాలడబ్బాలో, వేయించిన బియ్యం మధ్య దాచేవాడు. వాడే ముందు ఒక్కొక్కటీ తీసి, గుడ్డతో తుడిచి, అంచులు తడిమి చూసేవాడు. ఉబ్బినట్టు అనిపిస్తే పక్కన పెట్టేసేవాడు. అత్త ఏమో, “నా మొకం ఎప్పుడైనా అంత మెత్తగా తుడిసినావా?” అని దెప్పేది.

చైత్రంలో మాకు ఇటుకల పండగ. మగవాళ్లు అడవికి వేటకి వెళ్లాలి. ఒట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు పోసి అల్లరి చేస్తారు. మావ ఏటేటా వెళ్లేవాడు, ఏటేటా ఒట్టి చేతులతోనే వచ్చేవాడు. తుపాకీలో తూటా ఉండేదే కాదు. నేనూ చిన్నప్పుడు చెంబుడు పేడనీళ్లు ఆయన నెత్తిన పోశాను. కళ్లు తుడుచుకుంటూ, “పండక్కి కొట్టనే అమ్మీ, పంటకే కొడతాను. పొయ్యి, ఇంకో సెంబు పొయ్యి” అనేవాడు. ఇదీ మన పేపరు వాళ్ల వేటగాడు.

ఎన్నికలొచ్చాయని లైసెన్సు తుపాకీలన్నీ స్టేషన్లో అప్పజెప్పమన్నారు. మంచిదే, అది పద్ధతి. మావ తూటాల డబ్బాతో సహా తీసుకెళ్లి ఇచ్చాడు. ఎన్నికలయ్యాయి, గెలిచినవాళ్లు ఊరేగారు, తుపాకీ మాత్రం రాలేదు. సారు లేరు, రేపు రా. పై నుంచి కాయితం రావాలి, వచ్చే వారం రా. అలా తిరిగి తిరిగి చెప్పులరిగాయి గానీ ఎవరి మనసూ కరగలేదు. అడగ్గా అడగ్గా ఒకాయన, “ఈ వయసులో తుపాకీ ఎందుకయ్యా, ఇంట్లో కూర్చోక” అన్నాడట. ఈలోపు చోళ్లు వెన్ను వేశాయి. పందులు సారు సంతకం కోసం ఆగుతాయా?

దానితో తీగలొచ్చాయి. కరెంటు స్తంభం మీది లైనుకి కొక్కెం తగిలించి, చేను చుట్టూ మోకాలెత్తున సన్నటి తీగ కట్టేయడం. సాయంత్రం తగిలించి, ఎండ రాకముందే తీసేస్తారు. మొదట కట్టింది మావ పక్క చేను రైతే, వరసకి తమ్ముడు. మావ వెళ్లి మొత్తుకున్నాడు.

“నీ తీగకి కళ్లున్నాయేటిరా? పందేదో మనిసేదో దానికి తెల్సా?”

“నీ తుపాకీ నేదు కదన్నా. మరి నా పిల్లలు ఏటి తింతారు?”

అయినా మావ మానలేదు, పొద్దున్నే లేచి చేలగట్ల వెంట తిరిగి, “కొక్కేలు తీసినారా? బేగి తియ్యండి” అని అరుచుకుంటూ పోయేవాడు. పట్నం కొట్టాయన మాటే ఆ తీగ మాట కూడా. ఏదో ఒకటి తగుల్తుంది. అది ఒప్పుకోకుండా ఇన్నేళ్లు బతికిన మనిషికి ఆ చావే వచ్చింది. ఆవు పలుపు తెంపుకుని పోతే, మిగిలిన పలుపు ముక్క పట్టుకుని వెతుకుతూ తెల్లవారుజాము మసకవెలుతుర్లో పక్క చేను గట్టెక్కాడు. కొక్కెం ఇంకా తీయలేదు.

దినం కాకముందే పెద్దలు అత్త దగ్గరికి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. అందర్లోకీ పెద్దాయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

“పోయినోడు ఎలాగూ రాడు. పేపర్లో పడిందే పడింది, వేటకెళ్లినాడనే సెప్పు. నేకపోతే ఆ కుర్రోడి సంసారం జైలు పాలవుతాది.”

ఆ తీగ కట్టిన తమ్ముడు గుమ్మం బయట తల దించుకుని నిలబడ్డాడు. నాకు నోటిదాకా వచ్చింది గానీ అత్త నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఎప్పుడూ పెద్దల ముందు గొంతెత్తి ఎరగదు.

“ఆయన పందిని కొడితే పందిని కొట్టినానని ఊరందరికీ సెప్పీవోడు. మీరు మనిసిని సంపీసి వేటంటన్నారా? నాను సెప్పను. నా నోటెంట ఆ మాట రాదు.”

గుమ్మం బయట నుంచి, “తీగ నాదే వదినా, స్టేషన్లో నానే సెప్తాను” అని వినిపించింది. అతను చెప్పాడు కూడా. బెయిలు మీద ఉన్నాడు, కేసు నడుస్తోంది. ఊళ్లో తీగలన్నీ విప్పేశారు. తుపాకీ మీద వారసులు దరఖాస్తు పెట్టుకోవచ్చని స్టేషను వాళ్లు ఇప్పుడు ఎంతో మర్యాదగా కబురు పెట్టారు. పేపరు వాళ్లకి నేను రెండుసార్లు ఫోను చేశాను, చూస్తామన్నారు. వాళ్ల లెక్కలో మా మావ ఇంకా వేటగాడే.

మొన్న సాయంత్రం వెళ్లేసరికి అత్త చేలో మంచె మీద కూర్చుని పందుల్ని బెదరగొట్టడానికి కిరసనాయిలు డబ్బా వాయిస్తోంది. అవతలి చేలో ఆ తీగ కట్టిన తమ్ముడు కూడా డబ్బా వాయిస్తున్నాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. ఆ రెండో డబ్బా చప్పుడు వింటే నాకు ఇప్పటికీ పళ్లు బిగుసుకుంటాయి. మధ్యలో అది ఆగింది. అత్త కూడా ఆపి, మంచె మీద లేచి నిలబడి, అటు తిరిగి చెవి పెట్టింది. చాలాసేపు అలాగే నిలబడింది. అటు నుంచి మళ్లీ చప్పుడు మొదలయ్యాక కూర్చుని తన డబ్బా అందుకుంది.